అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ: ఫొటో పంచడం ఆపండి, ముందు ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో వెతుకుదాం

తెలుగు సంఘాల కార్యవర్గాలకు, రీజినల్ కోఆర్డినేటర్లకు, హెల్ప్‌లైన్ ఫోన్లు ఎత్తే వాలంటీర్లకు నమస్కారం.

సూటిగా విషయానికి వస్తాను. ఇక్కడ మన పిల్లలెవరైనా అరెస్టయితే బుకింగ్ ఫొటో (జైల్లో చేర్చుకునేటప్పుడు తీసే ఫొటో) గంటల్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి హైదరాబాద్, విజయవాడ దాకా వెళ్ళిపోతోంది. పిల్లవాడు ఏ జైల్లో ఉన్నాడు, బెయిల్ పెట్టారా లేదా, కోర్టు ఎప్పుడు అన్న సంగతులు మాత్రం కన్నవాళ్ళకు రెండు మూడు రోజులైనా తెలియడం లేదు. ఫొటో దొరికింది ఏ రికార్డులోనో, ఈ వివరాలన్నీ ఉన్నదీ ఆ రికార్డులోనే. పోలీసులు ఎవరినీ పట్టుకెళ్ళి గుట్టుచప్పుడు కాకుండా దాచిపెట్టకూడదని, ఇంట్లోవాళ్ళకీ లాయరుకీ మనిషి ఆచూకీ తెలియాలని ఈ దేశంలో కస్టడీ వివరాలను జనానికి తెరిచి ఉంచుతారు. మనవాళ్ళు దాన్ని పరువు తీయడానికి బాగానే వాడుతున్నారు, వెతకడానికి వాడటం మాత్రం చాలామందికి రావడం లేదు. ఇది మారాలి, మార్చగలిగింది మీరే.

మొదట తెలియాల్సింది, దేశం మొత్తానికి కలిపి ఒకే జైలు జాబితా లేదని. అమెరికాలో మన జిల్లాల్లాంటి కౌంటీలు మూడు వేలకు పైగా ఉన్నాయి. టెక్సస్‌లోనే 254, జార్జియాలో 159. చాలా రాష్ట్రాల్లో కౌంటీ జైలు షెరీఫ్ చేతిలో ఉంటుంది, ఆ షెరీఫ్ మన ఎస్పీలా పైనుంచి వేసిన అధికారి కాదు, ఓట్లతో గెలిచి వచ్చినవాడు, కాబట్టి ఒక్కో ఆఫీసు పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఒక చోట వెబ్‌సైట్లో పేరు కొడితే అన్నీ వస్తాయి, ఇంకో చోట ఫోన్ చేస్తే గానీ ఏమీ తెలియదు. లూసియానాలో కౌంటీకి బదులు పారిష్ ఉంటుంది. వర్జీనియాలో కొన్ని నగరాలు ఏ కౌంటీలోకీ రావు. కనెక్టికట్, రోడ్ ఐలండ్, డెలావేర్, వెర్మాంట్, హవాయిలలో అయితే కౌంటీ జైళ్ళే లేవు, రాష్ట్ర శాఖ దగ్గరే వెతకాలి. ఇంకొకటి, జైలు వేరు, ప్రిజన్ వేరు. ఇప్పుడే అరెస్టయినవాళ్ళు, తక్కువ శిక్ష పడ్డవాళ్ళు కౌంటీ జైల్లో ఉంటారు, పెద్ద శిక్ష పడ్డాకే రాష్ట్ర ప్రిజన్‌కు పంపుతారు. నిన్న రాత్రి పట్టుకెళ్ళిన కుర్రాడి కోసం రాష్ట్ర ప్రిజన్ సైట్లో, ఫెడరల్ ప్రిజన్ సైట్లో వెతికి "ఎక్కడా లేడండీ" అని ఏడ్చే తల్లిదండ్రులతో నేను మాట్లాడాను. ఇది వాళ్ళకు ఊహించుకునైనా తెలిసే సంగతి కాదు, ఎవరో ఒకరు చెప్పాలి.

నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. మా ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. పక్కన ఇర్వింగ్ ఏమో డాలస్ కౌంటీ. మన పిల్లలు ఒక కౌంటీలో అద్దెకుండి, ఇంకో కౌంటీలో చదువుకుని, మూడో కౌంటీలో పార్ట్‌టైమ్ చేస్తుంటారు. ఈమధ్య ఖమ్మం వైపు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. కొడుకు ఇర్వింగ్‌లో ఉంటాడు కాబట్టి రూమ్మేట్లు రాత్రంతా డాలస్ కౌంటీ సైట్లోనే వెతికారు. కారు ఆపింది లూయిస్‌విల్‌లో, అంటే డెంటన్ కౌంటీ. ఉండే అపార్ట్‌మెంట్ ఏ కౌంటీలో ఉంది అన్నదానితో సంబంధం లేదు, పోలీసులు ఆపిన రోడ్డు, కేసు జరిగిన షాపు ఏ కౌంటీలో ఉన్నాయో చూడాలి. ఈ ఒక్క మాట తెలిసుంటే ఆ ఇంట్లో ఒక రాత్రి నిద్ర మిగిలేది.

కౌంటీ తేలాక కూడా పేరు దొరకలేదు. ఆ కుర్రాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అలాంటివాళ్ళకు అమెరికా వీసా మీద మొత్తం పేరంతా సర్‌నేమ్ గడిలో పడుతుంది, ముందు పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" అని, అంటే ముందు పేరు తెలియదని (ఫస్ట్ నేమ్ అన్‌నోన్), మూడక్షరాలు వేస్తారు. జైలు రికార్డులో అదే అతని పేరైపోయింది. రూమ్మేట్లు రోజూ పిలిచే పేరుతో ఎంత వెతికినా ఎలా దొరుకుతాడు? వెంకట సాయి కృష్ణ లాంటి పేర్లు ఇంకో తలనొప్పి, ఏది ముందు పేరు, ఏది మధ్య పేరు, ఎక్కడ ఖాళీ వదిలారు అన్నది బుకింగ్ డెస్క్ దగ్గర టైప్ చేసినవాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే పూర్తి పేరు కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి చూడాలి, ఇంటిపేరునూ సొంత పేరునూ తారుమారు చేసి చూడాలి, పుట్టిన తేదీ అడిగితే నెల ముందు, రోజు తర్వాత వేయాలి. ఆ తండ్రికి పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా స్టాంపు ఫొటోలు తీసి పంపమన్నాం. వాటిలో ఉన్నది ఉన్నట్టు కొట్టేసరికి మనిషి దొరికాడు.

దొరికాక ఆ పేజీని చదవడం ఇంకో పని. పేరు, వయసు, బుకింగ్ నంబరు, జైలుకు తెచ్చిన తేదీ, సమయం, పట్టుకున్న పోలీసు శాఖ, ఒక్కో ఆరోపణ పక్కన బాండ్ (బెయిల్ హామీ) మొత్తం, కొన్ని చోట్ల "హోల్డ్" అని, అంటే వేరే శాఖ కోసం ఆపి ఉంచాలని, ఒక గడి. ఆయన ఫోన్లో ఒక్కొక్కటే చదివి వినిపిస్తూ బాండ్ దగ్గర ఆగి "సున్నా అని ఉందండీ, అంటే డబ్బు కట్టక్కర్లేదా, వదిలేస్తారా?" అన్నారు. ఆ గొంతులో వచ్చిన ఆశకు నాకు కాసేపు నోరు పెగల్లేదు. సున్నా అంటే ఇంకా జడ్జి ముందుకు తీసుకెళ్ళలేదని కావచ్చు, అసలు బెయిలే ఇవ్వలేదని కూడా కావచ్చు. ఏదో తెలియాలంటే జైలుకు ఫోన్ చేయాలి. బుకింగ్ డెస్క్‌ను అడగాల్సినవి కొన్నే: ఈ పేరు, ఈ పుట్టిన తేదీ ఉన్న మనిషి మీ కస్టడీలో ఉన్నాడా, బుకింగ్ నంబరెంత, బాండ్ పెట్టారా, ఏదైనా హోల్డ్ ఉందా, కోర్టు ఎప్పుడు, ఏ కోర్టు. మర్యాదగా, తొందరపడకుండా అడిగితే చాలాచోట్ల చెప్తారు. వారెంటు లేకుండా అరెస్టు చేసినవాళ్ళ విషయంలో అరెస్టుకు సరైన కారణం ఉందా లేదా అని మామూలుగా 48 గంటల్లోపు జడ్జి చూడాలని సుప్రీం కోర్టు 1991లో చెప్పింది, అదీ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీ కేసులోనే. అందుకని మొదటి రోజు బాండ్ గడి ఖాళీగా కనబడితే కంగారు పడక్కర్లేదు, రెండో రోజు మళ్ళీ చూడాలి.

అరెస్టయిన వెంటనే వెతికితే కూడా దొరకరు. వేలిముద్రలు, ఫొటో, వైద్య ప్రశ్నలు అన్నీ అయ్యేసరికి కొన్ని గంటలు పడుతుంది, అప్పటిదాకా సైట్లో పేరు ఎక్కదు. చాలా ఊళ్ళలో ముందు సిటీ పోలీసుల లాకప్‌లో ఉంచి తర్వాత కౌంటీ జైలుకు మారుస్తారు, అప్పుడు సిటీ పోలీసులకే ఫోన్ చేయాలి. విడుదలయ్యాక కొన్ని కౌంటీలు పేరు తీసేస్తాయి, అక్కణ్ణుంచి కేసు వివరాలు కోర్టు క్లర్కు దగ్గర దొరుకుతాయి. టెక్సస్‌లో మొదటిసారి తాగి నడపడం లాంటి చిన్న నేరాలు మామూలుగా కౌంటీ క్లర్కు దగ్గర, పెద్ద నేరాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. ఒక ఆఫీసులో లేదంటే కేసే లేదనుకుని ఊరుకోవద్దు, పక్క ఆఫీసులో అడగాలి.

రాతపూర్వకంగా అడగాల్సి వస్తే ఫెడరల్ సమాచార హక్కు చట్టం ఎఫ్ఓఐఏ పేరు చెప్పి లాభం లేదు, అది కౌంటీలకు వర్తించదు. ప్రతి రాష్ట్రానికీ సొంత చట్టం ఉంది. టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ ప్రకారం అరెస్టయిన మనిషి గురించి, అరెస్టు గురించి ప్రాథమిక సమాచారాన్ని దాచడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో అరెస్టు తేదీ, సమయం, బెయిల్ మొత్తం, ఎక్కడ ఉంచారు అన్నవి చెప్పాలని చట్టంలోనే రాసి ఉంది. కానీ కొన్ని రాష్ట్రాలు తమ పౌరులకే రికార్డులిస్తాయి, అలా పెట్టుకోవచ్చని 2013లో మెక్‌బర్నీ వర్సెస్ యంగ్ కేసులో సుప్రీం కోర్టు ఒప్పుకుంది, అది వర్జీనియా కేసు. అంటే గుంటూరులో కూర్చున్న తండ్రి పెట్టిన అర్జీని అలాంటి రాష్ట్రంలో పక్కన పెట్టేయొచ్చు, అదే అర్జీ అక్కడ ఉండే మీ సభ్యుడు పెడితే తీసుకోవాల్సిందే. సంఘం అవసరం ఇక్కడుంది, ఇంటి దగ్గరున్నవాళ్ళు ఎంత చదువుకున్నా చేయలేని పని ఇది.

ఇక అసలు భయపెట్టే పరిస్థితి, కౌంటీ జైల్లో ఉండి కూడా కౌంటీ జాబితాలో కనబడకపోవడం. ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐస్, చాలా కౌంటీ జైళ్ళలో బెడ్లు అద్దెకు తీసుకుని తన మనుషుల్ని అక్కడ ఉంచుతుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత న్యూజెర్సీలో హడ్సన్, పసాయిక్ కౌంటీ జైళ్ళలో అలా ఉంచినవాళ్ళ పేర్లు బయటపెట్టాలని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ కేసు వేస్తే, 2002లో ఫెడరల్ ప్రభుత్వం ఏకంగా ఒక నిబంధన తెచ్చింది. మా తరఫున ఉంచిన మనుషుల వివరాలు కౌంటీలు, రాష్ట్రాలు బయటపెట్టకూడదని. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. రాష్ట్ర చట్టం ప్రకారం తెరిచి ఉండాల్సిన జైలు పుస్తకం ఆ పేర్ల దగ్గరకొచ్చేసరికి మూసుకుపోతోంది, ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అలాంటప్పుడు ఐస్ వాళ్ళ డీటెయినీ లొకేటర్‌లో వెతకాలి. అందులో ఏ-నంబరూ (ఇమిగ్రేషన్ వాళ్ళు విదేశీయుడికి ఇచ్చే నంబరు) పుట్టిన దేశమూ ఇవ్వాలి, లేకపోతే పేరు వాళ్ళు రాసుకున్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి, మళ్ళీ ఆ ఎఫ్ఎన్‌యూ గొడవే. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారంలో ఒక్కసారిగా 130 మంది దాకా విద్యార్థుల్ని పట్టుకున్నప్పుడు, వాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, ఇళ్ళల్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, మీలో చాలామంది ఉద్యోగాలకు సెలవు పెట్టి మరీ తిరిగారు. ఆ కష్టానికి దండం పెడతాను. ఆ రోజుల్లో నేర్చుకున్నది కాగితం మీద పెట్టి ఉంచుకున్నామా అన్నదే నా ప్రశ్న.

కాన్సులేట్ సంగతి. "మనవాడు విదేశీయుడు కదా, పోలీసులే కాన్సులేట్‌కు చెప్తారు" అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి ఆ హక్కు ఉందని పోలీసులు చెప్పాలి, అంతవరకే. కొన్ని దేశాల పౌరుల విషయంలో అడిగినా అడగకపోయినా చెప్పి తీరాలి, ఆ జాబితాలో ఇండియా లేదు. అంటే మనవాడు నోరు తెరిచి "నా కాన్సులేట్‌కు చెప్పండి" అంటేనే చెప్తారు. ఇంట్లో తెలిస్తే ఎలా అన్న భయంతో పిల్లలు వద్దంటారు, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు మీరు పెట్టే ఓరియంటేషన్‌లో బ్యాంకు అకౌంటు, సిమ్ కార్డుతో పాటు ఈ ఒక్క మాట కూడా చెప్పండి. కాన్సులేట్‌కు చెప్పినంత మాత్రాన ఊళ్ళో అందరికీ తెలిసిపోదని కూడా చెప్పండి.

బెయిల్ పేరుతో జరిగే మోసం గురించి చెప్పకుండా ముగించలేను. ఇండియాలో తెల్లవారుజామున ఫోన్ వస్తుంది, మీ అబ్బాయి జైల్లో ఉన్నాడు, వెంటనే ఇన్ని డాలర్లు పంపండి అని. నిజమా అబద్ధమా తేల్చుకోవడానికి ఉన్న తిరుగులేని దారి కౌంటీ రికార్డే. ఏ కౌంటీ, బుకింగ్ నంబరెంత అని అడిగి, ఫోన్ పెట్టేసి, ఆ షెరీఫ్ ఆఫీసు నంబరు మనమే వెతుక్కుని చేయాలి. ఇల్లినాయిలో 2023 సెప్టెంబరు నుంచి డబ్బు కట్టే బెయిలే లేదు, చికాగో ఉన్న కుక్ కౌంటీ జైలు నుంచి మీవాణ్ణి విడిపించాలంటే డబ్బు కట్టాలని ఎవరైనా అంటే అది మోసమే అనుకోండి. న్యూజెర్సీలో కూడా 2017 నుంచి డబ్బు బెయిల్ దాదాపు పోయింది. టెక్సస్‌లో మాత్రం ఇంకా ఉంది, మన తరఫున బాండ్ పూచీ ఇచ్చే ఏజెంటుకు మామూలుగా బాండ్ మొత్తంలో పది శాతం దాకా కట్టాలి, అది తిరిగి రాదు. రికార్డులో ఇమిగ్రేషన్ హోల్డ్ కనబడితే లాయరుతో మాట్లాడకుండా ఆ డబ్బు కట్టొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి, బెయిల్ కట్టగానే ఇంటికి రాకుండా ఐస్ చేతికి వెళ్ళే అవకాశం ఉంటుంది. జైలు ఫోన్లో కేసు గురించి తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోవద్దు, లాయరుతో తప్ప మిగతా ఫోన్లన్నీ రికార్డవుతాయి. జాబితా చూపించడానికి డబ్బులడిగే ప్రైవేటు సైట్ల జోలికి వెళ్ళొద్దు, షెరీఫ్ సైట్లో అదే ఉచితం.

ఇప్పుడు ఫొటోల సంగతి, ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే వాటిని పంపేవాళ్ళలో మన సంఘాల గ్రూపుల అడ్మిన్లు కూడా ఉన్నారు. కౌంటీ జైళ్ళలో ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి ఇంకా ఏ శిక్షా పడలేదు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే. ఆరోపణ ఆర్నెల్లకు కొట్టేస్తారు, ఫొటో మాత్రం పోదు. ఫొటోలు పెట్టి, తీసేయడానికి డబ్బులు గుంజే వ్యాపారం ఒకటి ఇక్కడ పెద్దగా సాగింది, అలాంటి ఒక సైటు నడిపినవాళ్ళ మీద కాలిఫోర్నియా 2018లో బలవంతపు వసూళ్ళ కేసు పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు 2020లో బుకింగ్ ఫొటోలను విడుదల చేయడం చాలావరకు మానేశారు. హింసాత్మకం కాని కేసుల్లో పోలీసులు సోషల్ మీడియాలో ఫొటో పెట్టకూడదని ఆ తర్వాత కాలిఫోర్నియా చట్టమే చేసింది. పోలీసులే ఆలోచించి తగ్గుతుంటే, ఆ పిల్లల అక్కాబావల వయసున్న మనం ఫార్వర్డ్ బటన్ నొక్కడం ఏమిటి? చెల్లెలి పెళ్ళి సంబంధం తప్పిపోయిన ఇల్లు నాకు తెలుసు, ఆ కేసు తర్వాత కోర్టులో నిలబడనే లేదు.

అలాగని రికార్డులు మూసేయాలని నేను అనడం లేదు. మూసేస్తే మొదట నష్టపోయేది మనలాంటి వాళ్ళమే, దూరదేశం నుంచి మనిషి ఆచూకీ కోసం వెతికేవాళ్ళమే. 1993లో కెంటకీలోని లూయీవిల్‌లో ఒక యువతి ఫిర్యాదు మీద జైల్లో పడ్డ మనిషి విడుదలయ్యాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అతను వెళ్ళి ఆమెను చంపేశాడు. దాని తర్వాత 1994లో ఆ కౌంటీ మొదలుపెట్టిన వైన్ అనే సమాచార వ్యవస్థ ఈరోజు చాలా రాష్ట్రాల్లో ఉంది, ఫలానా మనిషి విడుదలైతే నాకు చెప్పమని ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. గృహహింసతో ఇల్లు వదిలి మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే మన ఆడపిల్లలకు దీని గురించి తప్పకుండా చెప్పండి, భర్త బెయిల్ మీద బయటికొచ్చిన సంగతి వాళ్ళకు ముందే తెలియాలి.

మీరు చేయాల్సింది నాకు స్పష్టంగానే కనబడుతోంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రతి కౌంటీకీ ఒక మనిషిని పెట్టండి, వీలైతే ఒక మహిళనూ. షెరీఫ్ ఆఫీసు ఫోను, జైలు బుకింగ్ డెస్క్, క్లర్కు ఆఫీసు, చుట్టుపక్కల సిటీ లాకప్‌ల నంబర్లు, క్రిమినల్ కేసులూ ఇమిగ్రేషనూ చూసే లాయర్ల నంబర్లు ఒక పేజీలో రాసి, ఏడాదికి రెండుసార్లు సరిచూడండి. ఫోన్ చేసినవాళ్ళ పేరు, పిల్లవాడి పేరు కార్యవర్గంలో కూడా ఎవరితోనూ పంచుకోకూడదన్న నియమం పెట్టి, దానికి కట్టుబడతామని వాలంటీర్లతో సంతకం చేయించండి. సంఘం గ్రూపుల్లో బుకింగ్ ఫొటో పెడితే ఎంత పెద్ద దాతనైనా తీసేస్తామని ప్రకటించండి. మహాసభలకు, హీరోలను పిలిపించడానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే దీనికి అయ్యేది ఏమీ లేదు, కావాల్సిందల్లా ఒక మాట మీద నిలబడటం.

కాలిన్, డెంటన్ కౌంటీలకు నా పేరు రాసుకోండి. రెండు కౌంటీల పేజీ సిద్ధంగా ఉంది, మీ తర్వాతి కార్యవర్గ సమావేశానికి ముందే పంపిస్తాను. డాలస్, టారంట్ కౌంటీలకు ఎవరు ముందుకొస్తారో ఆ సమావేశంలోనే తేల్చండి.

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి మీ సభ్యుడు